బండలో డప్పు

తాండూరులో గణపతి పండుగ. చెవులు వినపడని అత్త చాప పక్కకు నెట్టి, నాపబండ మీద చెంప ఆనించి పండుకుంది. కోడలు పెదవులు కనబడేలా ఎదురుగా కూర్చుంది.

“ఉట్టి బండ మీద పండుకున్నవేంది అత్తమ్మా?”

“డప్పు ఇంటున్న బిడ్డా.”

“నేను పిలిస్తెనే ఇనవు గదా.”

“చెవులకు కాదు. బండలకెల్లి చెంపకొస్తది. కండ్లు మూస్తే కాలం జేసిన మీ మామ మండపం ముంగట డప్పుకు ఎగురుతున్నట్టే ఉంటది... అయ్యో, ఆగిపాయె.”

“నేనే అత్తమ్మా. పాప పండుకుంటలేదని, ఈ దరువు అయినంక జర బందు వెట్టుమని ఇందాక చెప్పొచ్చిన.”

“మంచిదే. పండుకున్నదా?”

“ఇగో, ఇప్పుడే కండ్లు మూసింది.”

“మరి యాడికి లేస్తున్నవ్?”

“మళ్ల కొట్టుమని చెప్పొస్త. పాప లేస్తే ఎత్తుకుంట. మామను ఎగురుడు మధ్యల ఆపిన గదా.”