చిలకమ్మ సుద్దతాడు

పెరట్లో నీళ్ళ బోరు కొట్టించుకుంటారేటే పద్మా? కొట్టించుకోండి, కాదనడానికి నానెవుర్ని. కాదు, కూకో, ఓ ముచ్చట చెప్తాను. 'జల్దీ బోలో అత్తా' అంటే ఎలాగమ్మా, అది ఎలా వత్తే అలాగే వత్తాది. మన బారిడీహ్ బస్తీలో నుయ్యుంది కదా, దాని పక్కింట్లో చిలకమ్మ ఉండేది. నువ్వప్పటికి పుట్టనేదు. వాళ్ళాయన మిల్లులో ఖలాసీ, ఈవిడ నూతికి కాపలా. ఎవులు పెట్టేరు? ఎవులూ పెట్టనేదు, ఆవిడే పెట్టుకున్నాది. తెల్లారి ఇంకా ఎవులూ బాల్చీ వెయ్యకముందే తాడు దించేది. చివర ఇనప నట్టు, తాడంతా ముగ్గుసుద్ద, నడుమ గుర్తుకో ఎర్రదారం. గట్టు కాడ ముడి ఆనేదాకా దించి పైకి లాగితే, సుద్ద ఎంత తడిస్తే నీరంత పైనున్నట్టు. తడి ఎర్రదారం కాడికి అందనేదా, ఆ రోజు ఇంటికి రెండే బిందెలు. 'ఇంకాస్త వదలవే అక్కా' అని మేం బతిమాలితే, 'తాడు సాగితే నీరు సాగుతాదేటే?' అనేది. నోరలాటిది.

డెబ్బై నాలుగో ఏమో, మండు వేసవి. పోలరాజని, ఎదురింటోడు, ఏళ్ళ తరబడి రేకుల కింద ఉడికుడికి ఆ ఏడే స్లాబు పోయించేడు. కొత్త స్లాబుకి నీరు కట్టకపోతే బీటలే కదా. సరిగ్గా అప్పుడే ఎర్రదారం పొడిగా రావడం మొదలెట్టింది. రెండు బిందెలు వంటకే చాలవు. ఏటి సేసేడనుకున్నావు? నైటు డ్యూటీ నించి వత్తూ మిల్లు కుళాయి కాడ రెండు టిన్నులు నింపి, సైకిలుకి చెరోపక్కా కట్టుకొచ్చి, చిలకమ్మ లేవకముందే నూతిలో ఒంపేవోడు! ఆ నీళ్ళేవో స్లాబు మీదే పొయ్యొచ్చు కదా అంటావు. అదీ మరి! ఎర్రదారం తడిస్తే అందరికీ అడ్డు తీసేత్తారు, అప్పుడు తోడుకున్నన్ని తోడుకోవచ్చని వాడి తెలివి. రోజూ పొయ్యడం, రోజూ దారం పొడి. ఓ పొద్దున ఇంక ఆగలేక, 'నీ తాడు దొంగదే అక్కా! టిన్నులు టిన్నులు పోసేను, నా నీళ్ళేవి?' అని అరిచేసేడు. ఓలమ్మా, నవ్వలేక బిందెలు కింద పెట్టేసేం.

చిలకమ్మ నవ్వనేదు. నుయ్యి తవ్వినప్పుడు పైకేసిన ఎర్రరాయి ముక్క తెచ్చి వాడి చెంబులో పడేసింది. బుడబుడమని బుడగలు. 'చూడు తమ్ముడూ, కిందంతా ఈ ఇసకరాయే. నువ్వు పోసింది ఇదే తాగింది. ఎక్కడికీ పోదు, అందరం కాస్త ఓపిక పడితే మెల్లగా అదే ఇత్తాది.' 'అంతవరకూ నా స్లాబు?' అని గట్టు మీద కూలబడ్డాడు. అంత మగాడికీ కళ్ళంట నీళ్ళు. 'అవి కూడా దాని మీదే పొయ్యి, వేస్టు సెయ్యకు' అన్నాది.

అన్నాదా, ఆ పూటే ఇంటింటికీ తిరిగి పురమాయించింది. బియ్యం కడిగినవి, కూరలు కడిగినవి, పిల్లల తలమీంచి పోసినవి, సబ్బు తగలకుండా తొట్టెల్లో పట్టండర్రా అని. గోనెసంచులు పరిచి, మేం ఆడోళ్ళం బారుగా నిచ్చెనెక్కి ఒంపడం! 'పోలరాజూ, నీ కప్పు గంజి వాసనేత్తందిరా' అని వాడి దోస్తులు ఒకటే గోల. నవ్వుకోనీ, వానలొచ్చేదాకా నుయ్యీ ఎండనేదు, స్లాబుకి గీతైనా పడనేదు.

ఆవిడ పోనాది కూడా వేసవిలోనే, ఓ నాలుగైదేళ్ళకి. శవం లేచేదాకా మనోళ్ళు పొయ్యి వెలిగించరు, నూతిలో బాల్చీ వెయ్యరు కదా. ఆ సాయంత్రం తోడుకోవచ్చు, అయినా ఎవులికీ చెయ్యాడనేదు. మర్నాడు పొద్దున్నే పోలరాజు తాడు దించేడు. ఎవులూ చెప్పనేదు వాడికి. లాగి చూత్తే ఎర్రదారం దాటి బారెడు తడి! అంత ఎండలోనూ! వాడి మొహం చేటంతైపోయి, ఆవిడ గుమ్మం కేసి తిరిగి, 'అక్కా! పెరిగిందే!' అని కేకేసేడు...

పద్మా, పాలు చూడు, పొంగిపోతన్నాయి. లే, లే.