సగం వాటా, నిండు కుర్చీ

మూసీ పొంగి హైదరాబాదు బస్తీలు మునిగిన రెండువేల సంవత్సరం అది. రియాద్‌లో ఒక వెల్డింగు షాపు ముందర ఇద్దరు పనివాళ్ళు చాయ్ తాగుతున్నారు. ఒకడు కరీంనగరం వాడు, ఒకడు సోమాలియా వాడు. హిందీ, అరబ్బీ కలిపి వాళ్ళు మాట్లాడుకున్నది మన మాటలో ఇది.

"మా సోమాలియాల కొత్త పార్లమెంటు పెడుతున్నరు, దోస్తూ. పెద్ద తెగలు నాలుగు, తలా ఒక వాటా. మిగిలినోళ్ళందరికీ కలిపి సగం వాటా."

"మీరు ఎందుట్ల?"

"సగంల. మేం కమ్మరోళ్ళం. మావోళ్ళు నన్ను మెంబరుగ పొమ్మంటున్నరు."

"పోతవా మరి?"

"సగం మనిషిగ పోవుడెందుకు? మాకు పిల్లనియ్యరు, పక్కన కూసోనియ్యరు. కత్తులు మాత్రం మేం చేసినయే కావాలె."

"మా ఆమె రిజర్వేషన్ల సర్పంచి గెలిచింది. మొదటి మీటింగుల అందరికీ కుర్చీలేసి, ఆమెను కింద కూసోమన్నరు."

"కూసున్నదా?"

"ఇంటికొచ్చి, ఉన్న ఒక్క కుర్చీ నెత్తిన పెట్టుకొని, దొర గడి ముందలికెళ్ళే మల్ల మీటింగుకు పోయింది. ఇప్పటికీ గట్లనే పోతది."

"ఎవ్వరేమనలేదా?"

"అన్నరు. ఆమె ఇనలే."

"మా తాన కుర్చీలు తెగకింతని లెక్కవెట్టి ఏస్తరు."

"ఏసుకోనీ. నీది నువ్వు తీస్కపో."

"విమానంలనా?"

కరీంనగరం వాడు మర్నాడు పొద్దున అందరికంటే ముందు షాపు తెరిచి, మిగిలిన పైపు ముక్కలతో మడత కుర్చీ ఒకటి అతికాడు. బరువుకు ఆగుతుందో లేదో తనే కూర్చుని చూశాడు. సోమాలియా వాడు రాగానే లేచి, దాన్ని మడిచి అతని చేతికిచ్చాడు.