పొట్టి ఊరు, సాగే ఊరు

మైకు మావయ్య కోతలకి కొడవలి అక్కర్లేదు, ఒక గ్లాసు టీ చాలు. ముప్పై ఏళ్ళు ఈ బస్టాండులో మైకు ముందు కూర్చుని బస్సులు పిలిచిన గొంతు అది. రిటైరై రెండేళ్ళయినా పొద్దున్నే గేటు పక్కన టీ కొట్టుకి వచ్చేస్తాడు, ఇంకా డ్యూటీ ఉన్నట్టే.

ఆ రోజు బల్ల మీద ముగ్గురున్నారు. బూట్లు కుట్టే ఆయన, టాక్సీ డ్రైవరు, చివర ఒకామె. ఈ ప్లాట్‌ఫారాలు పంతొమ్మిదేళ్ళు ఊడ్చిన మనిషి. ఆమెకి మావయ్య తెలుసు, మావయ్యకి ఆమె తెలియదు. మైకు గది పైన, చీపురు కింద.

ఆమె కూతురు ఇప్పుడు ఆ పై గదిలోనే పరీక్షలో ఉంది. మావయ్య తర్వాత పెట్టిన మిషను గొంతు, సాగదీతలోనే తేడా ఉన్న రెండు ఊళ్ళ పేర్లనీ ఒకేలా పలుకుతోందని జనం గోల పెడితే, మళ్ళీ మనిషినే పెట్టుకుందామనుకున్నారు. వడపోయగా ఇద్దరు మిగిలారు. ఒకతను అచ్చు పుస్తకంలా మాట్లాడతాడు. రెండోది ఈమె కూతురు. ఆ పిల్లది కొండ అవతలి యాస, తల్లి నోట్లోంచి వచ్చింది. సాగాల్సిన చోట మాట పుటుక్కున తెగుతుంది. ఆ యాస విని బట్టల షాపువాళ్ళు, "నువ్వు కౌంటర్ దగ్గర వద్దులే, వెనక గదిలో మడతలు పెట్టు" అన్నారు. ఇవాళ పొద్దున అద్దం ముందు నిలబెట్టి సాగాల్సిన ఊరి పేరు ఇరవైసార్లు అనిపించింది తల్లి. ఇరవైసార్లూ తెగింది. నా నోరే పెట్టాను దీనికి, ఇంకేం పెట్టలేకపోయాను అనుకుంది. పైకి అనలేదు.

"అసలు ఆ రెండూళ్ళ గొడవేంటి మావయ్యా?" అన్నాడు డ్రైవరు. తెలిసే అడిగాడు. ఎగేస్తే గానీ మండదు పొయ్యి.

"గొడవేం లేదురా, పేరొక్కటే. ఒకదాన్ని పొట్టిగా అనాలి, ఇంకోదాన్ని సాగదీయాలి. అందుకే మా వాళ్ళు పొట్టి ఊరు, సాగే ఊరు అనేవాళ్ళు. ఒకటి ఈ కొసన, ఇంకోటి ఆ కొసన. ఒకటనుకుని ఇంకోటి ఎక్కావో, ఇక తూర్పు తిరిగి దణ్ణం పెట్టుకోవడమే. నేను చేరిన మొదటి రోజు ఏం చేశానో తెలుసా? సరిగ్గా పలికాను. అంతే. మూడు బస్సులు, ఒక్కడూ తప్పు ఎక్కలేదు."

"అంతేనా?" అన్నాడు బూట్లాయన, సినిమా మధ్యలో కరెంటు పోయినట్టు.

"ఆగవయ్యా, ఇంకా మొదటి గుక్కే కదా తాగాను! యాసలని ఉంటాయి కదా. కొండవాళ్ళు పేరుని కత్తిరిస్తారు. ఏటి ఒడ్డువాళ్ళు ఉయ్యాలూపుతారు. రాళ్ళ క్వారీవాళ్ళు ముక్కుతోనే కానిచ్చేస్తారు, నోరు తెరిస్తే దుమ్ము పోతుందని. అదే పేరు మూడు యాసల్లోనూ పిలిచేవాణ్ణి. కొండ యాసలో పిలిస్తే కొండవాళ్ళే లేచేవాళ్ళు. వాళ్ళ భుజం మీద తల పెట్టి పడుకున్న ఏటి ఒడ్డాయనకి నిద్ర కూడా చెదిరేది కాదు."

"మొగుడిది కొండ, పెళ్ళానిది ఏరు అయితే?"

"మొగుణ్ణి ఒకసారి, పెళ్ళాన్ని ఒకసారి లేపేవాణ్ణి. పిల్లలుంటే రెండూ కలిపి. సరే, అది చిన్న విషయం. సాగే ఊరిని నేను సాగదీస్తే ఎలా ఉండేదో ఎవరైనా చెప్పారా నీకు? నేను పేరు అందుకోగానే బస్సు కదిలేది. గేటు దాటేది, ఊరు దాటేది, మలుపులు తిరిగేది. నేనింకా ఊపిరి వదల్లేదు. అక్కడ బస్సు ఆగి, కండక్టరు ఫోన్ చేసి, 'చేరాం సార్, ఇక ముగించండి' అంటే అప్పుడు చివరి అక్షరం పలికేవాణ్ణి."

"వంద కిలోమీటర్లు!" అన్నాడు డ్రైవరు గుండె మీద చెయ్యేసుకుని.

"నూట పన్నెండు. లేనిపోనివి ఎందుకు, ఉన్నదే చెప్పుకుందాం."

"మరి టీ ఎప్పుడు తాగేవాడివి?"

"మధ్యలోనే. గొంతుది ఒక దారి, టీది ఒక దారి." మావయ్య గ్లాసు కింద పెట్టి మోకాళ్ళ మీద చేతులు ఆనించాడు. అసలు కథ ఇప్పుడే అన్నట్టు. "ఒక చలికాలం నాకు జలుబు చేసింది. పొట్టి ఊరిని పిలుస్తున్నాను. సరిగ్గా పేరు మధ్యలో తుమ్ము. తుమ్ము ఆపుకోబోయాను, పేరు సాగిపోయింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? సాయంత్రానికి పొట్టి ఊరి నుంచి ఫోన్. 'అయ్యా, మా మెయిన్ రోడ్డు రెండు కిలోమీటర్లు పెరిగిపోయింది' అని! రోడ్డుతో పాటు ఇళ్ళూ సాగాయి. నిన్నటిదాకా మంచం పట్టని గదిలో ఇవాళ పెళ్ళి చేసుకోవచ్చు. బడికి గుమ్మం దిగి వెళ్ళే పిల్లలు రెండు పూటలకి అన్నం కట్టుకుని బయల్దేరారు. పోస్టుమాను సెలవు పెట్టేశాడు."

"సాగే ఊరో?"

"దాని పొడవంతా ఇటు వచ్చేసింది కదా, అది ముడుచుకుపోయింది పాపం. ఎదురెదురు ఇళ్ళవాళ్ళకి ఒకటే కిటికీ. వీళ్ళు కూరలో ఉప్పు వేస్తే వాళ్ళ కూర చెడుతోంది. పోట్లాటలు! నేనేం చేశాను? వేడినీళ్ళు పుక్కిలించి, మైకు అందుకుని, రెండు పేర్లూ ఒకే ఊపిరిలో ఎక్కడికక్కడ తూచినట్టు పలికాను. గడగడమని ఊళ్ళు సర్దుకున్నాయి. ఒక్క వీధి మాత్రం వెనక్కి పోనంది. ఇప్పటికీ పొట్టి ఊళ్ళోనే ఉంది. నా పేరు పెడతామంటే నేనే వద్దన్నాను."

టీ కొట్టాయన గరిట పట్టుకుని నవ్వాడు. బల్ల చివర ఆమెకి కూడా నవ్వొచ్చింది, పొద్దుట్నుంచీ మొదటిసారి.

"అదీ నోరంటే!" మావయ్య వేలెత్తాడు. "అందుకే చెప్తున్నా, యాస ఉన్నవాళ్ళని ఆ గది మెట్లు ఎక్కనివ్వకూడదు. సొంత ఊరిని నోట్లో పెట్టుకుని తిరిగేవాళ్ళు ఇంకొకళ్ళ ఊరిని ఏం పిలుస్తారు?"

ఆమె నవ్వు ఆగిపోయింది.

అప్పుడే స్టేషన్ మేనేజరు రెండు కాగితాలు పట్టుకుని వచ్చాడు. మావయ్య ముందు పెరిగినవాడు, ఇప్పటికీ నిలబడే మాట్లాడతాడు. "మాస్టారూ, మీ మాట ఒకటి కావాలి. మొదటతను ఒక్క అక్షరం తప్పు పోలేదు. రెండో అమ్మాయికి యాస ఉంది, సాగే ఊరిని కూడా పొట్టిగానే అనేసింది. కానీ కాగితంలో లేనిది ఒకటి కలిపింది. పేరు చెప్పి, 'దిగగానే గడియార స్తంభం కనిపించే ఊరు' అంది. రెండోదాన్ని 'ఉప్పు గోదాముల ఊరు' అంది. రాసిచ్చినదానికి ఒక్క మాట కలిపినా మార్కులు తీసేయాలని రూలు. తీసేస్తే ఆ అమ్మాయి పోయినట్టే. తీసేయనా?"

"అడగాలా? తీసెయ్. మైకు ముందు మక్కికి మక్కి. నా ముప్పై ఏళ్ళలో, నా పిలుపు విన్నాక ఏ బస్సు అని ఒక్కరూ అడిగిన పాపాన పోలేదు."

"అడిగారు."

గొంతు ఎంత చిన్నగా వచ్చిందంటే, ఎవరన్నారో అని అందరూ వెతికారు. ఆమె లేచి నిలబడి ఉంది.

"ఎవర్నమ్మా అడిగింది?"

"నన్ను." కొంగు చేతికి చుట్టుకుంది. "పంతొమ్మిదేళ్ళు కింద ఊడ్చాను, అన్నయ్యగారూ. మీరు పిలవడం అవగానే జనం నా చీపురు దగ్గరికి వచ్చేవాళ్ళు. గొంతు బ్రహ్మాండంగా ఉంది, ఏ ఊరో మాత్రం తెలియలేదు అనేవాళ్ళు."

డ్రైవరు దగ్గాడు. ఆమె ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని ఆమెకి తెలుసు.

"నాకూ తెలిసేది కాదు. మా యాసలో రెండూ ఒకటే. అందుకే పేరు అడిగేదాన్ని కాదు. దిగాక ఏం కనిపిస్తుంది అని అడిగేదాన్ని. గడియారం అంటే మూడో ప్లాట్‌ఫారం చూపించేదాన్ని. గోదాములంటే ఏడు. బడి అయ్యాక నా పిల్ల అక్కడే కూర్చుని చదువుకునేది. అదే విన్నట్టుంది. నేను నేర్పలేదు."

బూట్లాయన ఉండబట్టలేక, "మావయ్యా, ఆ మిగిలిపోయిన వీధి కూడా ఈవిడే ఊడ్చేసి ఉంటుంది" అన్నాడు. టీ కొట్టాయన పొయ్యి వైపు తిరిగి నవ్వాడు.

మావయ్య నవ్వలేదు, కోప్పడలేదు. కాసేపు మైకు గది కిటికీ కేసి చూశాడు. "మసక అద్దం అది. నేను పిలవగానే కింద జనం లేచి ఒక చోటికి కదలడం కనిపించేది. నా పిలుపుకే కదులుతున్నారనుకున్నా." ఆ మాట కొలిచినట్టు ఉంది. ఒక్క అంగుళం ఎక్కువ లేదు.

"మాస్టారూ, మరి మార్కులు?"

"ఆ రూలు రాయించింది నేనే. రూలే కొట్టెయ్."

మేనేజరు కాగితం మడిచాడు. "అయితే ఇప్పుడొచ్చే బస్సు ఆ అమ్మాయి చేతే పిలిపిస్తాను. జనం ఎక్కితే ఉద్యోగం తనదే." గబగబా మెట్లెక్కి వెళ్ళిపోయాడు.

ఆమె కూర్చోలేదు. స్పీకరు గరగరమంది. కూతురి గొంతు వచ్చింది, కొండ అవతలి గొంతు, దాచుకోకుండా. ఊరి పేరు పుటుక్కున తెగింది. తల్లి కళ్ళు మూసుకుంది. "గడియార స్తంభం ఊరు. దిగగానే కనిపిస్తుంది. మూడో ప్లాట్‌ఫారం," అంది గొంతు.

గేటు దగ్గర మూటల మీద కూర్చున్న ముసలాయన తలెత్తాడు. "మనదేనే, లే" అన్నాడు పెళ్ళాంతో. ఇద్దరూ ఆమె పక్కనుంచే నడిచి వెళ్ళారు. ఏమీ అడగలేదు. వాళ్ళ వెనక ఒక కుటుంబం, సంచీలతో నలుగురు కూలీలు, చంకలో పిల్లతో ఒకావిడ. ఎవరూ ఎవర్నీ అడగలేదు. మూడో ప్లాట్‌ఫారం బస్సు నిండి, తలుపు పడింది.

మావయ్య తల ఒక పక్కకి వంచి విన్నాడు. ముప్పై ఏళ్ళ అలవాటు, ఊరికే పోతుందా? "పేరు ఇంకాస్త సాగదీయాల్సింది" అన్నాడు.

"ఇంక సాగదీసే టైమేదీ, అన్నయ్యగారూ?" అంది ఆమె. "అందరూ ఎక్కేశారు."