గుంజి చూసిన తీగ

మాదాపూర్‌లో అద్దాల భవనం లేస్తున్న రోజులు. పక్కనే కూలీల రేకుల షెడ్డులో సోలార్ దీపం బాగుచేస్తున్నాడు ఎలక్ట్రీషియన్. సాయంత్రం ఆ దీపం కింద అక్షరాలు దిద్దుకునే ఓ పెద్దావిడ అతని పక్కనే కూర్చుంది.

"అయిపోయిందమ్మా. ఫ్యూజు పెట్టేస్తే చాలు, ఇక హాయిగా చదువుకోండి."

"పోయిన వారం గూడ గిదే చెప్పినవ్ బిడ్డా. నేను 'ఠ' కాడికి రాంగనే దీపం పోతది. నెల సంది గాడనే ఉన్న. రేపు పొద్దుగాల పరీక్ష."

"బ్యాటరీ పాతదండి. నేనేం చేస్తాను?"

"ఫ్యూజు తీసే ఉంచినవ్ గదా? జర ఈ తీగ గుంజి చూస్త."

"అయ్యో, గుంజకండి! చూడండి, ఊడొచ్చేసింది!"

"ఊడింది నీ తీగ, బ్యాటరీ గాదు. జడ అల్లినట్టు అల్లి, పైన టేపు చుట్టినవ్."

"టేపు గట్టిదేనండి."

"ఇటుకల తట్ట గిలక తాడుకు కట్టినప్పుడల్లా మేం ముడి గుంజి చూస్తం. చూడకపోతే కిందున్నోళ్ల తల పగులుతది. నువ్వు ఎన్నడన్న గుంజినవా?"

"సరే, కాస్త ఆగండి. ఇదిగో, తీగ కొసకి లగ్గు, అంటే ఈ రాగి తొడుగు, వేసి పట్టకారుతో నొక్కాను. బ్యాటరీకి బోల్టుతో బిగించాను. ఇప్పుడు లాగండి."

"అబ్బ! కదులుత లేదు."

"మరేమనుకున్నారు? ఇరవై ఏళ్ల చెయ్యి ఇది."

"శభాష్ బిడ్డా. ఇగ ఆ రెండో తీగ గుంజుత."

"దాన్ని ముట్టుకోకండమ్మా! ముందు ఆ పట్టకారు, ఇంకో లగ్గూ ఇలా ఇవ్వండి."