చీపురు పెట్టని నేల

విగాన్ ఊరి పాతవీధిలో, క్రిసాంత ఇంటి మేడమీది హాల్లో, ఖననానికి ముందురోజు సాయంత్రం ఎదురింటి ఫెలిసిదాద్ చేసిన ప్రసంగం

ఫాదర్‌గారికి, వీధి పెద్దలకు, క్రిసాంత మేనల్లుడు ఆర్సెనియోకు నమస్కారం. ఏడవడానికి వచ్చినవాళ్లకు నమస్కారం. పేకాడుకోవడానికి వచ్చినవాళ్లకూ నమస్కారం, మీరు లేకపోతే శవజాగారం సాగదు. ఇక, దుఃఖంతో తల పైకెత్తినట్టు కనిపిస్తూ కప్పు దూలాలు లెక్కపెట్టుకుంటున్నవాళ్లు కొందరున్నారు. వాళ్లకు కూడా నమస్కారం. నేను మిమ్మల్ని చూశాను.

అయ్యా, అమ్మా, క్రిసాంత పోయింది. ఈ వీధంతా మనాంగ్ అని, అక్కా అని పిలుచుకున్న మనిషి పోయింది. మా ఇద్దరికీ స్నేహం కన్నా పోట్లాటే ఎక్కువ. అయినా ఎదురు కిటికీ తెరుచుకోని పొద్దు నాకు పొద్దులా లేదు. ఎవరితో పోట్లాడను? మీలో నాకు సరిజోడు ఎవరున్నారు?

ఆమెకు అనుమానం జాస్తి అంటారు. అవును, జాస్తే. కానీ ఒక్కమాట అడుగుతాను. ఈ వీధిలో ఎన్ని ఇళ్లకు పాత తలుపులు మిగిలాయి? ఎన్ని ఇళ్లకు పాత మెట్ల కటకటాలు మిగిలాయి? నమ్మినవాళ్ల ఇళ్లన్నీ బోసిపోయాయి. అనుమానించినదాని ఇల్లు మాత్రం ఉన్నదున్నట్టు నిలబడింది. ఇక నన్నేం చెప్పమంటారు?

ఒకసారి మనీలా నుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. ఎండలో నడిచి వచ్చానమ్మా, మంచినీళ్లు కావాలన్నాడు. క్రిసాంత నీళ్లిచ్చింది, తాగేదాకా గుమ్మంలో నిలబడింది, గ్లాసు తీసుకుని తలుపు వేసేసింది. పాపం ఒక్క నిమిషం కూర్చోనివ్వలేదేమే అని కేకలేశాను. నాతో ఏమందో తెలుసా? "ఏమే ఫెలిసిదాద్, దాహమేసినోడు కుండ వంక చూస్తాడు. వీడు నా ఇంటికప్పు వంక చూస్తన్నాడే!" అంది. తరవాత తెలిసింది, ఆయన పాత ఇళ్లు విప్పి ముక్కలు అమ్ముకునే వర్తకుడని. అయ్యా, స్తంభం పక్కన కూర్చున్నారు, మీరే కదూ? ఇంకా దాహం తీరినట్టు లేదు. నీళ్లు ఇప్పిస్తాం, కళ్లు కాస్త కిందికి దించండి.

తుఫానుకు ఈ కిటికీల్లో సముద్రపు చిప్పల పలకలు పగిలిపోయాయి. ఆర్సెనియో, నువ్వు గాజు పలకలు బండిలో వేసుకుని వచ్చావు. ప్రేమతోనే తెచ్చావు, కాదనను. మీ అత్త ఏమంది? "చిప్ప వెలుతురుని రానిస్తది, కళ్లని రానివ్వదురా. గాజెట్టి నా ఇంటిని బజార్లో కూచోబెడతావా?" అంది. ఆ వానాకాలమంతా కిటికీలకు గోనెపట్టాలు కట్టుకుని, దోమలతో, తడితో కాపురం చేసింది. చివరికి సముద్రం ఒడ్డు పల్లెవాళ్లు చిప్పలు తెచ్చారు. అప్పుడైనా నమ్మిందా? ఒక్కొక్క చిప్పా ఎండకు ఎత్తి, నీళ్లలో ముంచి, మళ్లీ ఎండకు ఎత్తి చూసింది. వాళ్లు నవ్వుకున్నారు. నవ్వుకోనీ, ఇవాళ మీ మొహాల మీద పడుతున్న ఈ మెత్తని వెలుగు ఆ చిప్పలదే.

నన్నూ అనుమానించింది. దాచను. మెట్ల దగ్గరి తలుపుకున్న ఇత్తడి పిడి కనిపించకపోతే, సరాసరి మా ఇంటికొచ్చి నా వంటింటి డబ్బాలు మూతలు తీసి చూసింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఏడాదిపాటు ఆమె వంక చూస్తే ఒట్టు. తరవాత ఆ పిడి వాళ్ల బియ్యపు గాదెలోనే దొరికింది. తనే దాచి తనే మరిచిపోయింది మహాతల్లి! క్షమించమని అడగలేదు. వేడివేడి బిబింకా రొట్టె అరటాకులో చుట్టి పంపింది, దాని మీద వెన్న ఎప్పుడూ వేసేదానికన్నా కాస్త ఎక్కువ. నేను తిన్నాను. ఏడుస్తూ తిన్నాను. మళ్లీ కిటికీలోంచి తిట్టుకోవడం మొదలుపెట్టాం.

ఇంత ఎందుకు చెబుతున్నానంటే, అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు, ఆమె పెట్టిపోయిన ఆస్తి. ఇప్పుడు దాన్ని ఖర్చు చేయబోతున్నాను.

అటు చూడండి. హాలుకీ భోజనాల గదికీ మధ్య గుమ్మం మీద నల్లగుడ్డ కట్టారు. సంతాపానికి కట్టారు, బాగుంది. కానీ దాని వెనక ఏముండాలి? గాలి ఆడడానికి వాళ్ల తాత చెక్కించిన నర్రా చెక్క పలక ఉండాలి. చేటంత పలక, రెండు పిట్టలు, ఒక పండ్లగుత్తి. ఒక పిట్టకు ముక్కు విరిగింది. కొత్త ముక్కు అతికిస్తానని వడ్రంగి అంటే, "ఇరిగిందీ మాదే, అట్టాగే ఉండనీ" అని పంపేసింది క్రిసాంత. పొద్దున నా గొడుగు కొసతో ఆ గుడ్డ ఎత్తి చూశాను. పిట్టలు లేవు. వట్టి కన్నం ఉంది.

కూర్చోండి, కూర్చోండి. ఎవరూ లేవకండి, ఇంకా నా మాట అయిపోలేదు.

పుచ్చి రాలిపోయి ఉంటుందని ఆర్సెనియో అన్నాడు. నాయనా, పురుగు రాల్చేది పిండి. కింద నేల మీద ఉన్నది రంపపు పొట్టు. అది ఇంకా అక్కడే ఎందుకుంది? శవం ఇంట్లో ఉండగా చీపురు పట్టకూడదు కనక! ఊడిస్తే ఇంట్లో మనుషులంతా వరసగా ఊడ్చుకుపోతారు కనక! చూశారా విచిత్రం? రంపం పట్టడానికి జంకని చెయ్యి చీపురు పట్టడానికి జంకింది. అంటే ఆ చెయ్యి బయటిది కాదు. మనలో ఒకరిది, మన ఆచారంలో పెరిగినవాళ్లది.

అలాంటి మనిషి ఇంకో ఆచారం మాత్రం తప్పుతాడా? శవజాగారం ఇంటి నుంచి పలహారం ముక్క కూడా మనం ఇంటికి పట్టుకుపోము, చావు వెంట వస్తుందని. చీపురుకు భయపడినవాడు దానికీ భయపడే ఉంటాడు. కాబట్టి ఆ పలక గడప దాటలేదు. ఈ ఇంట్లోనే, ఏ మంచం కిందో, ఏ మూటలోనో ఉంది. రేపు శవపేటిక వెళ్లిపోతుంది, చావింటికి గుర్తుగా వీధిలో కాలుతున్న దుంగ ఆర్పేస్తారు, ఇల్లు ఊడుస్తారు. పొట్టూ పోతుంది, పిట్టలూ పోతాయి. ఆ తరవాత మెట్ల కటకటాలు, కిటికీలు, నేల పలకలు. మొదటి ముక్క పోయాక ఇంక ఏ ఇల్లు ఆగింది?

అది ఎవరని నేను అడగను. కొందరి మీద నాకు అనుమానం ఉంది, మీ అందరికీ కూడా ఎవరి మీదో ఉండే ఉంటుంది. అవసరం ఎవరినైనా ఎంతకైనా దించుతుంది. పేరు తెలిస్తే ఈ వీధి అతన్ని బతకనివ్వదు. నాకు పేరు వద్దు, పిట్టలు కావాలి.

నల్లగుడ్డ కట్టిన ఆ గుమ్మం ముందు నేల పలక ఒకటి కిర్రుమంటుందని మీకందరికీ తెలుసు. మేకు కొట్టిస్తానన్న ప్రతివాడినీ క్రిసాంత తిట్టింది. "అది నా కాపలాదారు. దానికి జీతమక్కర్లేదు, కునుకూ పట్టదు" అనేది. పిట్టలు పోయిననాడు కూడా అది అరిచే ఉంటుంది. మన పేకాట కేకల్లో ఎవరికీ వినపడలేదు, అంతే.

అందుకని ఇప్పుడు అందరూ లేవండి. పేకముక్కలు కింద పెట్టండి. ఆర్సెనియో, లే నాయనా. స్తంభం పక్కన అయ్యగారూ, మీరు కూడా. కళ్లు మూసుకోండి. మనాంగ్ క్రిసాంత కోసం మౌనంగా నిలబడదాం. ఆ నేల పలక కిర్రుమంటే అననివ్వండి, ఎవరూ తల తిప్పకండి. తీసినవాళ్లు ఆ పిట్టల్ని తెచ్చి పేటిక పక్కన పెట్టి మీ చోటికి మీరు వెళ్లిపోండి.

క్రిసాంత అయితే ఒక కన్ను తెరిచే ఉంచేది. నేను రెండూ మూసుకుంటున్నాను.

ఒక్కరు తప్ప ఎవరూ కదలకండి.