బొంబాయిలో చెప్పమన్న పేరు

మళ్లా కోడుమూరు పోలీసుల దగ్గరికే పొమ్మంటారేంటికి సార్? పొద్దున ఆడికే పోయింటి. ఆదోనికి పోయి అడుక్కో అన్యారు. ఈడికొస్తే మీరు ఆడికంటారు. నేనేమన్నా మగ్గంలో నాడెనా, అటొకసారి ఇటొకసారి పోనీకె?

కాయితం మీ ముందరే ఉండాది గదా. బొంబాయి ఆస్పత్రిలో శేషన్న అనేటోడు సచ్చిపోయినాడు, ఊరు కోడుమూరు, ఎడమచేతి సిటికెనేలు లేదు అని. కోడుమూరులో అట్లాంటోడు లేడని మీవాళ్లు తిరిగి రాసినారంట. ఎట్లుంటాడు సార్? ఆయప్ప మా ఇంటాయన. ఎమ్మిగనూరులో మగ్గం నేస్తాడు. పేరు ఈ సొసైటీ కార్డులో ఉండాది, సదువుకోండి. మొగుని పేరు నేను పలకరాదు గదా.

పనిమీద పోలేదు సార్, సముద్రం సూడనీకె పోయినాడు. ముప్పై ఏండ్లు మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకోని కూసున్నోడు, ఒక్కసారి సూసొస్తా అన్యాడు. నాకేమో భయం. పోయినేడు మా వీధి తిక్కయ్య బొంబాయికి పోతే, టేసన్లో ఒకడు తెలుగులోనే పలకరించినాడంట. యా ఊరన్నా, పేరేందన్నా అని అడిగి, మీ వీధంతా నాకి తెలుసని నమ్మించి, టీలో మత్తు కలిపి, కట్టుపంచెతో వదిలేసినాడు.

అందుకే అన్నీ నేనే సూసినా. ఎండి మొలతాడు తీపిచ్చినా. కార్డు ఇంట్లోనే పెట్టిచ్చినా. ఎవురడిగినా మనూరు సెప్పొద్దు, నీ పేరు సెప్పొద్దు అంటి. మరిసిపోకుండా ఉంటాదని మా నాయన పేరు నేర్పిచ్చినా. శేషన్న, కోడుమూరు. బస్సెక్కేలోగా నాలుగుసార్లు అప్పజెప్పిచ్చుకున్యా. ఆయప్ప నగినాడు సార్.

తొమ్మిది దినాలు జరంతో పడుండెనంట. ఇంటికి కబురు పెడతాము, నిజం సెప్పు అని దినమూ అడిగినారంట. పొద్దున కోడుమూరు పోలీసాయన సదివి ఇనిపిచ్చినాడు. ఎవురూ రాలేదని ఆడనే కాల్చేసినారంట.

నాకేమీ వద్దు. ఆయప్ప పేరుతో ఒక కాయితం ఇయ్యండి, సాలు. లేకుంటే పిండం ఎవురి పేరున పెట్టల్ల? మా నాయనకి పదేండ్ల కిందటే పెడితిమి.

నోటితోనే సెప్పల్లంటారా? సెప్తా.

నర్సింహులు.

రాసుకుంటిరా? ఇది గూడా రాసుకోండి, పేరు మార్పిచ్చింది పెండ్లామే అని. ముప్పై ఏండ్ల కాపురంలో ఆయప్ప నా మాట ఏ దినమూ ఇన్లేదు. సంగటి సల్లారిపోతాది, మగ్గం దిగు అంటే దిగడు. బీడీ మానుకో అంటే మానడు. ఈ ఒక్కటీ ఇన్యాడు సార్.