మామ విన్న గొంతు

“నానమ్మా, ఫోన్ల రికార్డింగ్ పెట్టిన. నీ గొంతు మొట్టమొదట ఎప్పుడు రికార్డయిందో అది చెప్పు.”

పెట్టినవా? సరే. ఎప్పుడంటే... నిజాం సర్కారు పోయి ఏడెనిమిదేండ్లయింది. నాకు పద్దెనిమిది. కాదు కాదు, పందొమ్మిది. పెండ్లయి కర్దనూర్‌కు వచ్చి ఏడాది దాటింది గద. కాజీపల్లి దిక్కు గీ కంపెనీలు లేవు, గీ వాసన లేదు. మీ చిన్నాయన ఫ్లాటు తీసుకున్న తెల్లాపూర్ల గుడ అప్పుడు జొన్న చేన్లే.

పాట ఇనాల్నంటే పటాన్‌చెరుకు పోవాలె. ఆడ ఖాసీం సాబు చాయ హోటల్ల గ్రామఫోను ఉండె. అణాకు చాయ. మీ తాత చాయ కోసం గాదు, పాట కోసం పోయేటోడు. చావి తిప్పుడు, నల్ల ప్లేటు పెట్టుడు, దాని మీద సూది. ఒక్క పాటకే సూది మొద్దువారుతుండె. కొత్త సూదులు పట్నంకెల్లి రావాలె. అవి లేనప్పుడు ఖాసీం సాబు తుమ్మముల్లు కోసి పెట్టేటోడట. గొంతు జెర సన్నగ వచ్చేది గానీ ప్లేటు అరగకపోయేదట. నేనేం సూడలే. ఆడోల్లు హోటలుకు పోతరా? మీ తాత చెప్పిందే చెప్తున్న.

ఏం చెప్తున్న? ఆఁ, నా గొంతు.

మా మామ, అంటే మీ తాత నాయన, మా చర్చికి సంఘపెద్ద. మంచి మనిషే. కానీ అప్పట్ల మామ ముందల కోడలు మాట్లాడొద్దు. తప్పు. ఆయనకు అన్నం పెట్టిన, నీళ్లు పెట్టిన, ఏడాది పొడుగునా. ఏమన్న చెప్పేదుంటే అత్త చెవుల చెప్పాలె, అత్త ఆయనకు చెప్పాలె. అత్త లేకుంటే గాజులు గలగలమనిపిస్తే ఆయన తిరిగి సూస్తుండె. అంతే, ఆయనకు నా గొంతు ఎట్లుంటదో ఎర్క లేదు.

అప్పుడే మా ఊరి బడి పంతులుకు బదిలీ అయింది. చర్చి బడే అది, ఒక్క గది, ముప్పై మంది పిల్లలు. నేను సంగారెడ్డిల బోర్డింగుల ఉండి ఏడో తరగతి పాసైన. ఊర్ల అంత సదివిన ఆడపిల్ల ఇంకోతి లేదు. చర్చి అయ్యగారు మామను అడిగిండు, మీ కోడలును బడికి పంపుతరా అని. నేను తలుపు ఎనుకనే ఉన్న. నా పాణమంతా చెవులల్ల పెట్టుకున్న.

మామ ఏమన్నడు? “దానికి నోరే లేదయ్యగారూ. ఇంట్ల ఉన్నదా లేదా అన్నట్లుంటది. పోరగాండ్లు దాని మాట ఇంటరా?” అన్నడు.

సూడు మరి. నోరు మూసుకుంటెనే మంచి కోడలంటరు, మూసుకుంటే నోరే లేదంటరు. మీ తాతను అడిగిన, జెర మీ నాయనకు చెప్పుండ్రి అని. “పెండ్లాం తరఫున మాట్లాడిండంటరు, నేను చెప్ప” అన్నడు. నాకు మస్తు కోపమొచ్చింది. ఎవల మీద తీయాలె? బియ్యం మీద తీసిన, చెరుగుడే చెరుగుడు.

నెల దినాలకు పట్నంకెల్లి జీపు వచ్చింది. ఇద్దరు మనుషులు, ఒక మిషన్. మూత తీస్తే రెండు చక్రాలు, ఒక దాని మీదికెల్లి ఇంకో దాని మీదికి మట్టిరంగు రిబ్బను తిరుగుతుంటది. టేప్ రికార్డర్ అన్నరు. ఊర్ల కరెంటు లేదు గద, జీపు బ్యాటరీకి వైర్లు పెట్టిండ్రు. సదువురాని ఊర్లల్ల ఇనిపియ్యనీకి బైబిలు కథలు మిషన్ల పట్టాల్నట, మన మాట మాట్లాడే ఆడమనిషి గొంతు కావాల్నట. అత్తకేం తెలుసు, అయ్యగారు అడిగితే “తీస్కపోండ్రి” అన్నది. మామ అప్పుడు చేన్ల ఉన్నడు.

బడి గదిల గోడలకు గోనె సంచులు కట్టిండ్రు, గొంతు మోగొద్దని. కోళ్లను ఎల్లగొట్టిండ్రు. ఎద్దుల మెడల గంటలు గుడ ఇప్పిచ్చిండ్రు. ముందుగాల ఇద్దరు ముగ్గురు ఆడోల్లు కూసున్నరు, మైకును సూసి నవ్వుడే. తర్వాత నన్ను కూసోబెట్టి ఒక కాగితమిచ్చిండ్రు. సదివిన. మిషనాయన, “సదవకమ్మా, నీ చెల్లెకు చెప్పినట్లు చెప్పు” అన్నడు. కాగితం పక్కకు పెట్టి చెప్పిన. ఏడాది తర్వాత గొంతు నిండ మాట్లాడిన బిడ్డ. నా కడుపు సల్లబడ్డది. మల్ల ఇనిపిస్తే మాత్రం నాది గాదనుకున్న. ఎవరో పెద్దామె లెక్క ఉన్నది.

సాయంత్రం పొద్దుండంగనే ఊరందరికి ఇనిపిచ్చిండ్రు. మొగోల్లు ముందల సాపల మీద, ఆడోల్లం ఎనుక. మామ అందరికన్న ముందల కూసున్నడు. నా కథ వచ్చింది. ఎవ్వలు కదల్లే. అయిపోయినంక మామ గడ్డం గోక్కుంట, “ఎవరింటి పిల్లనో గానీ ఎంత సాఫ్‌గ చెప్పింది. ఇసోంటామె బడికి కావాలె” అన్నడు.

అయ్యగారు మెల్లగ అడిగిండు, “పెడ్దామా మరి?”

“పెట్టుండ్రి. సంఘపెద్దగ నేను చెప్తున్న గద.”

“అయితే మీ కోడలును రేపు పంపుండ్రి. అది ఆమె గొంతే.”

అయ్యగారు కావాల్నని చేసిండా, ఊకెనే అట్లయిందా, నాకు ఇప్పటికి తెల్వది. మామ ఎనుకకు మల్లి సూడలే. తర్వాత “ఇంకోసారి పెట్టు” అన్నడు మిషనాయనతోని. మల్ల పెడ్తే తల దించుకోని మొత్తం ఇన్నడు. ఇంటికి వచ్చి అత్తకు చెప్పిండు, “రేపటికెల్లి బడికి పొమ్మను. అన్న మాట తప్పొద్దు గద” అని.

పోయిన. ముప్పై రెండేండ్లు చెప్పిన. నా గొంతు చెరువుకట్ట దాంక ఇనబడ్తదని ఊర్ల నవ్వేటోల్లు. అయినా ఇంట్ల అదే పద్ధతి. ఆయన మాట్లాడుమనలే, నేను మాట్లాడలే. అట్లనే ఏండ్లు పోయినయి.

మామకు ఆఖరుకు చాతగాకుండయింది. అత్త అప్పటికే పోయింది, నేనే సూసుకుంటుంటి. ఒకనాడు పొద్దున జావ తాపుతుంటే నా చెయ్యి పట్టుకున్నడు. “నీ గొంతు మిషన్ల ఇన్న, బడి బయట ఇన్న, గంతే బిడ్డ. నాతోని ఒక్క మాట మాట్లాడు” అన్నడు.

నోరు తెరిచిన. రాలే. అంతమంది పిల్లలను అదిలిచ్చిన గొంతు, ఆయన ముందల రానే రాలే. ఏం మాట్లాడాలె, మామ అని పిలిస్తే సాలు గద. అది గుడ రాలే. ఆయన సూసి సూసి, “పోనీ తియ్యి” అన్నడు. రెండు దినాలకు పోయిండు.

ఆయనను గుంతల దించే ముందల మొత్తుకున్న. మామా, మామా అని. ఊరంత ఇన్నది.

నువ్వు ఏడ్వకు. నువ్వు రేపు ఏ ఇంటికి పోయినా, మొదటి దినమే అందరిని పేరు పేరున పలకరియ్యి, ఆగకు. సల్లగ బతుకు బిడ్డ... ఇగ బంద్ చెయ్యి, సాలు.